చదువు రొట్టె

పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలు కాబట్టి పుస్తకాల గురించి మాట్లాడమన్నారు. నేను మా అమ్మ గురించి చెబుతాను. పుస్తకాల దగ్గరికే వస్తాను లెండి.

పెళ్ళయిన పాతికేళ్ళూ నేను కావలిలో పుట్టింటికి వస్తే జరిగేది ఒకటే. అమ్మ వంటింట్లో, నేను వరండాలో ఫోనుతో. ముందురోజే మామిడికాయ వేసి చేపల పులుసు కాచి పెట్టేది. తిని, మర్నాడు పినాకిని రైలు ఎక్కేదాన్ని. మాట్లాడుకున్నది ఏముంది? "తిన్నావా?", "సంచిలో ఊరగాయ పెట్టాను." అంతే.

ఒక ఏడు రొట్టెల పండక్కి ఇద్దరం నెల్లూరు వెళ్ళాం. మీకు తెలిసిందే, కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకుంటారు. స్వర్ణాల చెరువులో దిగి అమ్మ కోసం ఆరోగ్య రొట్టె వెతుకుతున్నాను. వెనక్కి తిరిగితే ఆమె చేతిలో చదువు రొట్టె!

"మనవడికా అమ్మా?"

"నాకేనే." కొంగు తడుస్తున్నా పట్టించుకోకుండా ఆ నీళ్ళలోనే నిలబడి తినేసింది.

బస్సులో చెప్పింది. 1991లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు రాత్రిబడికి వెళ్ళిందట. మన జిల్లాలోనే దూబగుంట ఊళ్ళో ఆడవాళ్ళు సారా మీద లేచింది అలాంటి రాత్రిబడి నుంచే కదా! 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగిందంటే అందులో ఆ పలకల పుణ్యమూ ఉంది. మా అమ్మ మాత్రం సంతకం రాగానే మానేసింది. ఎందుకనుకున్నారు? నాకు పదో తరగతి పరీక్షలు. రాత్రిళ్ళు తోడు కూర్చోవడానికి. ఆ మాట ఇన్నేళ్ళూ నాకు తెలియదమ్మా, నాకు తెలియదు!

ఇప్పుడు నెలకోసారి వస్తున్నాను. వంట హడావుడి లేదు, చద్దన్నమైనా సరే. ఇద్దరం అరుగు మీద పేపరు పరుచుకుంటాం. వేలు పెట్టి చదువుతుంది. ఒత్తు వస్తే ఆగుతుంది. నేను అందిస్తే కోపం. "నువ్వుండు, నేనే పట్టుకుంటా" అంటుంది. పట్టుకుంటుంది కూడా! అప్పుడు నవ్వే నవ్వు పాతికేళ్ళ పులుసు భోజనాల్లో నేను చూడలేదు.

ఆడబిడ్డలారా, ఈసారి ఇంటికెళ్ళినప్పుడు అడగండి. చీర సంగతి కాదు. మా కోసం నువ్వు మానేసింది ఏంటమ్మా అని అడగండి.

గ్రంథాలయం వారికి ఒక మనవి. ఆదివారం సాయంత్రాలు తల్లీకూతుళ్ళకి ఒక బల్ల ఇవ్వండి, పెద్ద అక్షరాల పుస్తకాలు నాలుగు పెట్టండి. ఇంకొకటి. సభ కాగానే నా వెనకున్న ఈ బ్యానరు దించేయకండి. అమ్మ చివరి వరుసలో ఉంది, ఇంకా రెండో లైనే చదువుతోంది.