చిప్ చేతికొచ్చింది, మరి ఫైబర్ ఎవరు అతికిస్తారు?

కాంతితో పనిచేసే కొత్త చిప్ ఒకటి ల్యాబ్‌లో తయారైందనుకోండి. పేపర్ అచ్చయింది, చప్పట్లు పడ్డాయి. ఓ కంపెనీ వచ్చి "బాగుంది, వెయ్యి ఇవ్వండి" అంది. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. ఎందుకంటే పనిచేసింది ఆ ఒక్క చిప్పే. అదీ ఓ పీహెచ్‌డీ విద్యార్థి పక్కన కూర్చుని చిప్‌లోకి కాంతిని తెచ్చే ఫైబర్‌ను, అంటే సన్నని గాజు తీగను, గంటసేపు అటూ ఇటూ జరిపితే!

ముందు తయారీ సంగతి. ల్యాబ్‌లో చాలామంది ఎలక్ట్రాన్ బీమ్‌తో డిజైన్ గీస్తారు. ఎంత సన్నని గీతైనా వస్తుంది, కానీ మహా నెమ్మది. ఫ్యాక్టరీలో మాస్క్ (డిజైన్ ఉన్న అచ్చు పలక) గుండా కాంతి పంపి అచ్చేస్తారు. ల్యాబ్‌లో గీసినవన్నీ అక్కడ అచ్చుపడవు. పైగా మాస్కుల సెట్ ఖరీదు చిన్న బృందం మోయలేదు.

అందుకే పంచుకుంటారు. ఒకే పెద్ద కాగితం మీద పదిమంది విజిటింగ్ కార్డులు అచ్చేసి, తర్వాత కోసి ఎవరివి వాళ్లకిచ్చినట్టు, ఒకే వేఫర్ (చిప్‌లు అచ్చేసే గుండ్రటి సిలికాన్ పలక) మీద పలువురి డిజైన్లు వేస్తారు. ఎలక్ట్రానిక్ చిప్‌ల కోసం అమెరికాలో మోసిస్ అనే సంస్థ 1981లోనే ఈ పని మొదలుపెట్టింది. సిలికాన్ ఫోటానిక్స్‌లో, అంటే కాంతితో నడిచే సిలికాన్ చిప్‌ల కోసం, 2006లో బెల్జియంకు చెందిన ఐమెక్, ఫ్రాన్స్‌కు చెందిన లెటి అనే పరిశోధనా సంస్థలు కలిసి ఇలాంటిదే ఈపిక్స్‌ఫ్యాబ్ పెట్టాయి. చిక్కల్లా, ఈ రన్‌లకు, అంటే ఇలా కలిపి అచ్చేసే విడతలకు, తేదీలుంటాయి. డిజైన్ ఒక్కరోజు ఆలస్యమైతే తర్వాతి రన్ దాకా ఆగాల్సిందే. చిప్ రావడానికి మళ్లీ నెలలు.

నన్నడిగితే, అసలు గొయ్యి ఇక్కడ లేదు, ప్యాకేజింగ్‌లో, అంటే చిప్‌కి ఫైబర్, లేజర్ లాంటివి అతికించి వాడుకునేలా చేయడంలో ఉంది. మామూలు చిప్‌కి లోహపు తీగ తగిలితే చాలు, కరెంటు లోపలికి వెళ్తుంది. కాంతి అలా కాదు. ఫైబర్‌లో కాంతి నడిచే భాగం సుమారు 9 మైక్రాన్ల వెడల్పు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). సిలికాన్ చిప్ మీద దారి అర మైక్రాన్. ఏనుగు ఎలుక కన్నంలో దూరినట్టే! రెండింటినీ కలిపే కప్లర్ అనే భాగం పెట్టి ఈ తేడాను సర్దుతారు. అయినా ఫైబర్ ఒక్క మైక్రాన్ జరిగితే కాంతి బాగా తగ్గిపోవచ్చు. అందుకే కాంతి వెలుగుతుండగానే కొలుస్తూ, సరైన చోటు దొరికాక జిగురు పెట్టి అల్ట్రావయొలెట్‌తో గట్టిపరుస్తారు. ఆ జిగురు ఎండుతూ కుంచించుకుని ఫైబర్‌ను లాగేస్తుంది! లేజర్‌ది ఇంకో తలనొప్పి. సిలికాన్ కాంతిని సరిగా పుట్టించలేదు కాబట్టి ఇండియం ఫాస్ఫైడ్ లాంటి పదార్థంతో చేసిన లేజర్‌ను తెచ్చి కలపాలి.

ఈ మెషిన్లు, ఇవి నడిపే చేతులు ఏ స్టార్టప్ దగ్గరా మొదటిరోజే ఉండవు. అందుకే అందరూ వాడుకునే కేంద్రాలు కావాలి. అమెరికాలో 2015లో మొదలైన ఎయిమ్ ఫోటానిక్స్‌కు ఆల్బనీలో వేఫర్ తయారీ ఉంది, రోచెస్టర్‌లో టెస్టింగ్, ప్యాకేజింగ్ కేంద్రం వేరుగా ఉంది. ఐర్లండ్‌లోని కార్క్‌లో టిండాల్ ఇన్‌స్టిట్యూట్ ప్యాకేజింగ్ మీదే పేరు తెచ్చుకుంది.

ఇలాంటి కేంద్రాలవల్ల ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ పోస్టర్ మీద వేయరు. అక్కడి ఇంజనీర్లు ముందే మీ డిజైన్ చూసి "ఫైబర్లు ఇంత దగ్గరగా పెడితే అతికించలేం, దూరం జరపండి" అంటారు. ఫైబర్లను వరుసగా పట్టి ఉంచే బ్లాకుల్లో వాటి మధ్య దూరం సాధారణంగా 127 లేదా 250 మైక్రాన్లే దొరుకుతుంది మరి. ఈ మాట చిప్ వచ్చాక వింటే, మళ్లీ మొదటినుంచి, ఇంకో రన్ కోసం లైన్లో నిలబడాలి.