ఫోటో చూసి వేసిన కొండ కొండేనా?

సంధానకర్త: నమస్కారం. ఫోటో చూసి వేసిన ప్రకృతి దృశ్యాలను, కృత్రిమ మేధతో తయారైన వాటిని పోటీలకు అనుమతించాలా అన్న వివాదం చిత్రకారుల మధ్య మళ్లీ రాజుకుంది. 2022లో అమెరికాలోని కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో, డిజిటల్ విభాగంలో, యంత్రం సాయంతో రూపొందిన చిత్రానికి మొదటి బహుమతి దక్కింది. మరి ల్యాండ్‌స్కేప్ (ప్రకృతి దృశ్య) చిత్రకారులు కాదలచిన యువతకు భవిష్యత్తు ఉన్నదా? ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను.

అధ్యాపకురాలు: భవిష్యత్తు కన్నా ముందు పునాది చూడాలి. కొత్త విద్యార్థి రంగుల జోలికి పోకుండా, ఒకే దృశ్యాన్ని నాలుగైదు వెలుగునీడల స్థాయులకు కుదించి పెన్సిలుతో వేయడం నేర్వాలి. దూరపు కొండ దగ్గరి చెట్టు కన్నా లేతగా, నీలంగా ఎందుకు కనిపిస్తుందో అప్పుడే...

సీనియర్ చిత్రకారుడు (అడ్డుతగిలి): క్షమించండి మేడమ్, అది గదిలో అబ్బే విద్య కాదు. కెమెరాను ఆకాశపు వెలుతురుకు సరిచేస్తే చెట్టు కింది నీడ నల్లగా ముద్దయిపోతుంది. నీడకు సరిచేస్తే ఆకాశం తెల్లబడిపోతుంది. కన్ను ఆ నీడలోని ఊదాను కూడా పట్టుకుంటుంది. ఆంగ్ల ప్రకృతి దృశ్య చిత్రకారుడు కాన్‌స్టబుల్ 1821, 1822లలో లండన్ దగ్గరి హామ్‌స్టెడ్‌లో మబ్బులను చిత్రించి, వెనుకవైపు తేదీ, వేళ, గాలి తీరు రాసుకున్నాడు.

అధ్యాపకురాలు: అదే కాన్‌స్టబుల్ తన ప్రసిద్ధ చిత్రం ‘ది హే వెయిన్’ను లండన్ స్టూడియోలో, స్కెచ్‌ల ఆధారంగా వేశాడు కదండీ.

చిత్రకారుడు: ఆ స్కెచ్‌లు ఎక్కడివి? ఆరుబయటవే! 1841లో రంగుల ట్యూబులకు పేటెంటు వచ్చాక తైలవర్ణాలు మోసుకుపోవడం ఎంతో సులువైంది. ఆ ట్యూబులే లేకపోతే...

సంధానకర్త: ట్యూబులు అలా ఉండనివ్వండి. యంత్రం ఎండలో నిలబడలేదు కాబట్టి చిత్రకారుడి ఉపాధికి ఢోకా లేదంటారా?

గ్యాలరీ నిర్వాహకుడు: ఉపాధి నిలబడేది అమ్మకంతో. 1891 మేలో ఫ్రెంచి చిత్రకారుడు మోనే గడ్డివాముల చిత్రాలు 15 పారిస్‌లో డ్యురాండ్ రుయెల్ గ్యాలరీలో ప్రదర్శించగా, కొద్ది రోజుల్లోనే అన్నీ అమ్ముడుపోయాయి. మా దగ్గరకు వచ్చే యువకులు ఒక కొండ, ఒక సముద్రం, ఒక గుడి తెస్తారు. ఒక్క చోటును పట్టుకొని వరుసగా వేసినవారినే కొనుగోలుదారు గుర్తుపెట్టుకుంటాడు.

చిత్రకారుడు: నేనన్నదీ అదే! ఆ గడ్డివాములు పొలంలో ఉన్నాయి, ఫోటోలో కాదు.

అధ్యాపకురాలు: మోనే కూడా వాటిని స్టూడియోలో సరిదిద్దుకున్నాడు. మరో సంగతి: కాన్‌స్టబుల్‌కు ఇంగ్లండ్ రాయల్ అకాడమీ పూర్తి సభ్యత్వం 1829లో, ఆయన 52వ ఏట దక్కింది. అంతవరకూ బతుకుతెరువుకు మనుషుల రూపచిత్రాలు కూడా వేశాడు. ఈ నిజాన్ని పిల్లలకు...

సంధానకర్త: ఆ రూపచిత్రాలను ఇప్పుడు యంత్రమే వేస్తున్నది కదా?

చిత్రకారుడు: యంత్రం మాట వదిలేయండి. మన చిత్రకారుడు దామెర్ల రామారావును చూడండి! రాజమండ్రిలో కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర గుర్తించి ప్రోత్సహించాడు, బొంబాయి జె.జె. స్కూల్లో చదివాడు, 28 ఏళ్లు నిండకముందే 1925లో మశూచితో పోయాడు. ఆయన పేరిట రాజమండ్రిలో ఉన్న చిత్రశాలకు మన విద్యార్థులలో ఎందరు వెళ్లారు? గోదావరి ఒడ్డున నిలబడనివాడికి గోదావరి రాదు.

(ఆరుబయట వాదన ఇక్కడి నుంచి చాలాసేపు తిరిగి తిరిగి వచ్చింది.)

అధ్యాపకురాలు: ఒక్క ప్రశ్న అడుగుతాను. ఒక ఆడపిల్ల ఒంటరిగా చెరువుగట్టున ఈజెల్ (బొమ్మను నిలిపే చట్రం) వేసుకొని మూడు గంటలు నిశ్చింతగా కూర్చోగలదా? అలాంటి విద్యార్థిని తాను తీసుకున్న ఫోటోనే చూసి వేస్తే, అది మోసమవుతుందా?

చిత్రకారుడు: బృందంగా వెళ్లమనండి. మేము అలాగే వెళ్లాము.

అధ్యాపకురాలు: ప్రతిరోజూ బృందం దొరకదు. అయినా నేను అడిగింది...

చిత్రకారుడు: ఫోటో ఫోటోనే మేడమ్!

గ్యాలరీ నిర్వాహకుడు: కొనేవారు ఎలా వేశారని అడగడం మాత్రం అరుదు.

సంధానకర్త: ఆరుబయట సాధనకు ప్రత్యామ్నాయం లేదని చర్చలో స్పష్టంగా తేలింది.

అధ్యాపకురాలు: ఎక్కడ తేలిందండీ? నా ప్రశ్న అలాగే ఉంది.

సంధానకర్త: సమయం లేదు మేడమ్. (చిత్రకారుడితో) మాస్టారూ, యంత్రం గురించి ముగింపుగా ఒక్క నిమిషం మీకే.