బొర్రా కింద పారే గెడ్డ

అందరికీ నమస్కారం. మన ఉత్తరాంధ్రలో కొండల మీంచి దిగే నీటిని గెడ్డ అంటాం. మ్యాపులో నది అని రాసి ఉన్నా, అనంతగిరి కొండల్లో గోస్తని నాకు గెడ్డలాగే కనిపిస్తుంది. అంత చిన్న ప్రవాహానికీ, బొర్రా గుహలకూ సంబంధం ఉందంటే మొదట నేనూ నమ్మలేదు.

అక్కడ సున్నపురాయి ఉంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది. పగుళ్లలోకి దిగి రాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. గుహ కప్పు నుంచి కారే చుక్క ఆ వాయువును వదిలేసినప్పుడు, కరిగిన సున్నం మళ్లీ రాయవుతుంది. పైనుంచి ఊడల్లా, కింద నుంచి స్తంభాల్లా పెరుగుతుంది. అలా ఏర్పడిన ఒక రూపం ఆవు పొదుగులా ఉంటుందనీ, నీరు అక్కడి నుంచే పుడుతుందనీ జనం చెప్పుకుంటారు. గోస్తని అంటే ఆవు పొదుగే కదా! మేస్తున్న ఆవు కన్నంలోంచి గుహలో పడిందనీ, వెతుకుతూ వెళ్లిన కాపరికి శివలింగం కనిపించిందనీ కథ.

ఈ కొండలకు ఇంకో చరిత్ర కూడా ఉంది, నాకు అదే ముఖ్యం. బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ఖనిజాల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతంలో, ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. దేశమంతా దాన్ని సమత తీర్పు అంటారు. నీరు దిగే పగుళ్లున్న రాయిని తవ్వేస్తే గెడ్డకు ఏం మిగులుతుంది చెప్పండి? అందుకే ఆ తీర్పును నేను గోస్తని చరిత్రలో భాగంగానే చూస్తాను.

కొండ దిగాక విజయనగరం జిల్లాలో తాటిపూడి రిజర్వాయరు వస్తుంది. అక్కడి నీళ్లు విశాఖ కుళాయిల్లోకీ వస్తాయి. టికెట్ కొని బొర్రా చూసొచ్చే మనలో చాలామందికి, ఆ కొండల నీళ్లే ఇంట్లో తాగుతున్నామన్న సంగతి తట్టదు. మిగిలిన గోస్తని, ఒకప్పుడు డచ్చివాళ్లు వ్యాపారం చేసిన భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఈసారి వానాకాలంలో బొర్రాకు వెళ్తే, గుహలోంచి బయటికొచ్చాక వెంటనే బస్సెక్కకండి. కాసేపు లోయ వైపు చెవి పెట్టండి. గెడ్డ చప్పుడు వినిపిస్తుంది.