చలినీటిలో వైట్ బాస్

డల్లాస్ చుట్టుపక్కల నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలన్నిటికీ నమస్కారం.

చలి మొదలవగానే గాలం కర్రలు మూల పెట్టేసేవారు మనలో చాలామంది. లూయిస్‌విల్ సరస్సులో మాత్రం, ఇక్కడివాళ్లు శాండ్ బాస్ అని పిలుచుకునే వైట్ బాస్ చేపకు డిసెంబరు, జనవరిని మించిన కాలం లేదని నా అభిప్రాయం.

కారణం దాని మేతలో ఉంది. అది ఎక్కువగా తినే థ్రెడ్‌ఫిన్ షాడ్ అనే చిన్న చేప చలికి ఓర్వలేదు. నీరు 7 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు చల్లబడితే చచ్చిపోవడం మొదలవుతుంది. అందుకే చలి ముదిరేకొద్దీ షాడ్ లోతుకు దిగుతుంది, వైట్ బాస్ దాని వెంటే దిగుతుంది. వేసవిలో సరస్సంతా తిరిగిన చేపలు, ఆనకట్ట కట్టాక మునిగిపోయిన పాత ఏటి పాయ అంచున గుంపుకడతాయి. నీటి అడుగున ఉన్న చేపలను చూపే సోనార్ తెర మీద ఆ గుంపు అడుగునంటి దట్టంగా కనిపిస్తుంది.

చేప ఒంటి వేడి నీటిని బట్టే ఉంటుంది కనుక, చలిలో దాని అరుగుదల, కదలిక రెండూ మందగిస్తాయి. ఎర కూడా అలాగే కదలాలి. శ్లాబ్ అనే బరువైన సీసపు ఎరను నిట్టనిలువుగా అడుగుకు దించి, జానెడు ఎత్తి, తాడు వదులు కానివ్వకుండా దించండి. చేప తరచు ఆ దిగేటప్పుడే అందుకుంటుంది. గట్టి గుంజు ఏమీ ఉండదు. తాడు కాస్త పక్కకు జరుగుతుంది, లేదా ఉండవలసిన బరువు చేతికి తగలదు. అంతే, మెల్లగా పైకెత్తండి.

చలినీటిలో పడితే ఎంతటి ఈతగాడికైనా చేతులు పనిచేయవు. లైఫ్ జాకెట్ బిగించుకోకుండా బోటు ఎక్కవద్దు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. 34 అడుగుల లోతున పీడనం పైనున్నదానికి సుమారు రెట్టింపు. అక్కడి నుంచి చేపను లాగితే దాని కడుపులోని గాలితిత్తి ఉబ్బిపోతుంది. వదిలిపెట్టినా చాలాసార్లు కిందికి దిగలేక చచ్చిపోతుంది. కాబట్టి లోతు నీటిలో సరదాకు పట్టి వదలడం దయ కాదు. టెక్సాస్‌లో సాధారణ నియమం రోజుకు 25 చేపలు, కనీస పొడవు 10 అంగుళాలు. నాలుగు చేపలతో కూర సరిపోయే ఇంటికి 25 ఎందుకు? ఎన్ని కావాలో బోటు ఎక్కకముందే అనుకోండి, అన్నీ పడగానే ఒడ్డుకు రండి. పొట్టివి వరుసగా పడుతుంటే ఆ చోటే మార్చేయండి. వాటిని చట్టప్రకారం వదిలి తీరాలి, వదిలినా బతుకుతాయన్న భరోసా లేదు.

వైట్ బాస్‌కూ స్ట్రైప్డ్ బాస్‌కూ పుట్టిన సంకరజాతి, అంటే హైబ్రిడ్ చేపకు నియమం వేరు: 18 అంగుళాలు, రోజుకు అయిదు. అనుమానం వస్తే నోరు తెరిచి నాలుక వెనుక వేలితో తడమండి. గరుకు పళ్ల పట్టీ ఒకటే తగిలితే వైట్ బాస్, రెండు తగిలితే హైబ్రిడ్.

పట్టిన చేపను వెంటనే మంచుగడ్డల్లో పెట్టండి. పక్కల వెంట ఉండే ఎర్రటి కండను కోసి తీసేస్తే నీచు బాగా తగ్గుతుంది, పులుసు రుచిగా వస్తుంది.

శ్లాబ్‌లు ఈ బల్ల మీద పెట్టాను. ముందుకు వచ్చి చేత్తో పట్టి చూడండి. ముప్పావు ఔన్సుకూ ఒకటిన్నర ఔన్సుకూ తేడా ఎంతో తెలిస్తే, గాలి వీచే రోజున ఏది కట్టాలో మీరే చెప్పగలరు.