ఒపీనియన్ ఎస్సే ఫార్మాట్లు మూడు: మా మేనకోడలి చేత రాయించి చూశాను

నమస్కారమండీ. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తే పట్టించుకోకండి, మా అక్క వంటిల్లు ఈ గది కిందే. ఈ చానెల్లో ఇప్పటిదాకా గైడ్లు, డిక్షనరీలు రివ్యూ చేశాను, ఒకసారి చెయ్యి నొప్పెట్టని పెన్నులు కూడా చేశాను. ఈసారి రివ్యూ చేసేది కొట్లో దొరికే సరుకు కాదు. ఇంగ్లీషులో ఒపీనియన్ ఎస్సే రాయడానికి అందరూ చెప్పే ఫార్మాట్లు. గుణుపురం నుంచి, రాయగడ నుంచి, బరంపురం నుంచి, ఇటు ఏరు దాటితే వచ్చే పాతపట్నం నుంచి కూడా ఒకటే మెసేజ్: "అన్నా, ఏ ఫార్మాట్ రాస్తే బ్యాండ్ ఏడు వస్తుంది?" బ్యాండ్ అంటే ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో ఇచ్చే స్కోరు.

సరే, పరీక్షించే చూద్దామని మా మేనకోడల్ని కూర్చోబెట్టాను. నర్సింగ్ అయిపోయింది, ఐఈఎల్టీఎస్‌కి చదువుతోంది. ఇంట్లో తెలుగు, బడంతా ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. మీలో చాలామంది పరిస్థితి ఇదే కదా. ప్రశ్న ఒకటే, ఫార్మాట్లు మూడు, సాయంత్రాలు మూడు. ఫోన్లో 40 నిమిషాల టైమర్.

ప్రశ్న ఇది: ప్రాథమిక బడిలో పిల్లలకి మాతృభాషలోనే చదువు చెప్పాలి, మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు? ఆ 'ఎంతవరకు' అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఇంగ్లీషులో 'టు వాట్ ఎక్స్‌టెంట్' అని ఉంటుంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

కొత్తవాళ్ల కోసం లెక్కలు చెప్పేస్తాను. ఐఈఎల్టీఎస్ రైటింగ్ మొత్తం 60 నిమిషాలు. అందులో ఈ రెండో టాస్క్‌కి 40 నిమిషాలు పెట్టుకోమంటారు, కనీసం 250 పదాలు రాయాలి, మొదటి టాస్క్ కంటే దీనికి రెట్టింపు విలువ. మార్కులు నాలుగు చోట్ల వేస్తారు. అడిగినదానికి జవాబు చెప్పావా, చెప్పింది ఒక వరసలో నడిచిందా, మాటలు, వ్యాకరణం. నాలుగింటికీ సమానమే. అంటే సగం మార్కులు ఇంగ్లీషుకి, సగం ఆలోచనకి. మనవాళ్ల టెన్షన్ అంతా ఇంగ్లీషు సగం మీదే.

మొదటి సాయంత్రం, టెంప్లేటు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు అమ్మిన చిన్న పుస్తకం ఇది, పేరు చెప్పను. వాక్యాలన్నీ రెడీగా ఉంటాయి, ఖాళీల్లో మన టాపిక్ పెట్టుకోవడమే. 'ఇన్ దిస్ మోడర్న్ ఎరా' అని మొదలవుతుంది, 'ఎవ్రీ కాయిన్ హ్యాజ్ టూ సైడ్స్' అంటుంది, 'ఇట్ ఈజ్ ఎ హాట్లీ డిబేటెడ్ టాపిక్' అంటుంది. అమ్మాయి ఇరవై ఆరు నిమిషాల్లో పూర్తిచేసి కాగితం నా చేతిలో పెట్టింది. మొహం వెలిగిపోతోంది. నేను పెన్సిల్ తీసుకుని, పుస్తకంలోంచి దింపిన మాటలన్నీ కొట్టేశాను. 262 పదాల్లో మిగిలినవి 150 కూడా లేవు. ఆ మిగిలినవాటిలో కూడా మాతృభాష అన్న మాట తీసేసి ప్లాస్టిక్ అని పెడితే ఎస్సే అలాగే నడిచిపోతుంది! పెళ్లి శుభలేఖలో పేర్లు మార్చినట్టు. పేపర్ దిద్దేవాళ్లు ఇలాంటివి రోజూ చూస్తారు. బట్టీపట్టిన వాక్యాన్ని గుర్తుపట్టడానికి వాళ్లకి శిక్షణ కూడా ఉంటుంది. పదికి రెండు. ఆ రెండూ దస్తూరికి.

రెండో సాయంత్రం, ఐదు పేరాల ఫార్మాట్. ముందు ఇంట్రో, మధ్యలో మూడు కారణాలకి మూడు పేరాలు, చివర కన్‌క్లూజన్. ఇది చెడ్డది కాదండీ, చాలా పాతది, బళ్లలో చాలామందికి నేర్పేది ఇదే. వెయ్యి పదాలు రాయమంటే బాగా పనికొస్తుంది. కానీ 250 పదాలని ఐదు పేరాలకి పంచండి. యాభై వస్తాయి. యాభై పదాల్లో కారణం చెప్పొచ్చు, నమ్మించడానికి చోటుండదు. మా అమ్మాయి ఏం రాసిందంటే, మాతృభాషలో తొందరగా అర్థమవుతుంది, సంస్కృతి నిలుస్తుంది, అమ్మానాన్నలు ఇంట్లో చదువు చెప్పగలరు. మూడూ నిజమే. చదివాక ఒక్కటీ నా బుర్రలో నిలవలేదు. వడ్డించేవాడు విస్తరి మీద ఒక్కో కూర చుక్క చుక్క వేసుకుంటూ వెళ్లిపోయినట్టుంది. పదికి ఐదు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. తన అభిప్రాయం ఏంటో నాలుగో పేరాలో గానీ తెలియలేదు. తప్పు తనది కాదు, మన మాట తీరే అంత. అప్పు అడగడానికి వెళ్లినవాడు ముందు ఆరోగ్యం అడుగుతాడు, తర్వాత వానలు, తర్వాత పెద్దబ్బాయి ఉద్యోగం, చెప్పులు వేసుకునేటప్పుడు "ఏం లేదు బావగారూ, ఓ చిన్న సాయం" అంటాడు. మన దగ్గర అది మర్యాద. ఇంగ్లీషు ఎస్సేలో గుమ్మంలోనే ఎంత అప్పు కావాలో చెప్పాలి, ఎందుకు కావాలో కూడా. ఇంట్రో రెండు మూడు వాక్యాలు చాలు. ప్రశ్నని మన మాటల్లో ఒకసారి చెప్పడం, మన పక్షం చెప్పడం, వెంటనే ఒక 'బికాజ్'. 'ఐ అగ్రీ విత్ దిస్ స్టేట్‌మెంట్' అని ఆపేస్తే చెయ్యెత్తి ఓటేసినట్టే ఉంటుంది. అన్నట్టు 'ఐ యామ్ అగ్రీ' అని రాయకండి, అగ్రీయే క్రియ, దానికి ఇంకో తోడు అక్కర్లేదు.

మూడో సాయంత్రానికి వద్దాం. ఈ వీడియో అసలు దీనికోసమే. నాలుగు పేరాలు: ఇంట్రో ఒక నలభై పదాలు, మధ్య పేరాలు రెండూ చెరో తొంభై, వంద, చివరిది ముప్పై, నలభై. ఒక్కో మధ్య పేరా లోపల పీల్ అనే పద్ధతి. పాయింట్, ఎవిడెన్స్, ఎక్స్‌ప్లనేషన్, లింక్. మాట చెప్పు, సాక్ష్యం చూపించు, ఆ సాక్ష్యం ఈ మాటని ఎలా నిలబెడుతుందో విప్పు, మళ్లీ ప్రశ్నకి ముడివెయ్యి.

సాక్ష్యం దగ్గర అందరూ చేసే పని ఒకటుంది. 'అకార్డింగ్ టు ఎ రీసెంట్ సర్వే, ఎయిటీ ఫైవ్ పర్సెంట్...' ఏ సర్వే తల్లీ అని అడిగాను. నవ్వేసింది. దయచేసి ఆ పని చెయ్యకండి. ప్రశ్న కిందే రాసి ఉంటుంది, నీకు తెలిసిన విషయాల నుంచి, నీ అనుభవం నుంచి ఉదాహరణలు ఇవ్వమని. అనుభవం అంటే మన దగ్గర లేనిదా?

మా అమ్మాయి చిన్నప్పటి సంగతే చెప్తాను. ఒకటో తరగతిలో టీచరమ్మ చేప బొమ్మ చూపించి "మాఛ" అన్నారట. ఒడియాలో మాఛ అంటే చేప. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్ల, "మచ్చ" అనుకుని గౌను కొంచెం ఎత్తి మోకాలి మీది దెబ్బ మచ్చ చూపించింది. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు నోరు విప్పలేదు. ఇది రాయవే అన్నాను. "మావయ్యా, ఎస్సేలో ఇలాంటివి రాస్తారా?" అంది. రాస్తారు. మూడు వాక్యాల్లో, నవ్వు లేకుండా.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. కథ చెప్పేసి తర్వాతి పేరాకి దూకుతారు. ఎక్స్‌ప్లనేషన్ అంటే ఏంటో మా అమ్మాయి రెండోసారి రాసినప్పుడు పట్టుకుంది. ఆ పిల్లకి చేప తెలుసు, చేప పులుసు కూడా తెలుసు. తెలియనిది ఆ మాట ఒక్కటే. అక్షరం నేర్చుకోవాల్సిన టైమంతా టీచర్ ఏమంటున్నారో ఊహించడానికే పోయింది, పైగా సిగ్గుపడి నోరు మూసుకుంది. ఈ రెండు వాక్యాలు వచ్చాకే మచ్చ కథ వాదన అయింది. అంతకుముందు అది ఇంట్లో చెప్పుకునే జోకు.

బరువున్న సాక్ష్యం కావాలనుకునేవాళ్లకి నిజమైనవి ఉన్నాయి. రాజ్యాంగంలో 350ఏ అధికరణం, 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషాపరంగా మైనారిటీ అయిన పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించాలంటుంది. అంటే ఒడిశాలో ఉన్న మన తెలుగు పిల్లలకే అన్నమాట. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో చెప్పమంటుంది. ఒక్కటి వాడండి చాలు. రెండూ పెట్టి చట్టాల పుస్తకం చెయ్యకండి.

ఇక రెండో మధ్య పేరా. ఇందులో అవతలివాడి మాట పెట్టాలి. ఇది లేకపోయినా ఎస్సే పాసవుతుంది, పరీక్షవాళ్లు తప్పనిసరి అని ఎక్కడా అనలేదు. కానీ నమ్మించాలంటే నా లెక్కలో ఇది ఉండాల్సిందే. ఎందుకో చెప్పడానికి మా ఊరి మాస్టారి సంగతి చెప్పుకోవాలి. గిడుగు రామమూర్తి గారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అంటాం కదా, ఆయన చాలా ఏళ్లు పాఠాలు చెప్పింది ఈ పర్లాకిమిడిలోనే. బళ్లో పుస్తకాలు మనం మాట్లాడే తెలుగులో ఉండాలన్నారు. పండితులు ఒప్పుకోలేదు, వాడుక భాష వ్యాకరణ విరుద్ధం అన్నారు. ఈయన ఊరికే "మీ మాట తప్పు" అని కూర్చోలేదు. వాళ్ల రచనలే తెరిచి, మీరు చెప్పే వ్యాకరణం మీకే పట్టుబడలేదు, ఇదిగో, ఇదిగో అని చూపించారు. పాత కావ్యాల్లోంచి ప్రయోగాలు తీసి ముందు పెట్టారు. వాళ్లు నిలబడ్డ నేల మీదకే వెళ్లి వాదించడం అంటే అది. సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి కూడా ఈయనే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఇక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. సరే, ఆ కథ మొదలుపెడితే నేను ఆగను.

మన ఎస్సేలో ఆ పని ఎలా చెయ్యాలంటే, అవతలివాళ్ల వాదనల్లో బక్కచిక్కినదాన్ని ఎంచుకోకూడదు. మా అమ్మాయి మొదట రాసింది చూడండి: 'కొందరు మాతృభాష పాత చింతకాయ పచ్చడి అంటారు, అది తప్పు.' ఎవరన్నారు అలా? గాలిలో మనిషిని నిలబెట్టి కొట్టడమే ఇది. నిజంగా ఈ ఊళ్లో తల్లిదండ్రులు ఏమంటారో అది రాయమన్నాను.

ఈలోపు వ్యాకరణం మాట ఒకటి, ఎందుకంటే అందరూ పడే గొయ్యి ఈ పేరాలోనే ఉంది. 'ఆల్దో' అని మొదలుపెట్టి మధ్యలో 'బట్' అంటారు. ఒడియా బళ్లో చదివినవాళ్లకి ఇది మరీ ఎక్కువ. అక్కడ 'జదిఓ' అంటే వెనకాలే 'తథాపి' రావాలి కదా, చేతికి ఆ జంట అలవాటు. ఇంగ్లీషులో రెండిట్లో ఒకటే. ఆల్దో ఉంటే బట్ కొట్టేయండి. 'ఇట్ ఈజ్ ట్రూ దట్' అని ఒక వాక్యం రాసి ఫుల్‌స్టాప్ పెట్టి, 'హౌవెవర్' అని రెండోది మొదలుపెడితే అసలు గొడవే లేదు.

ఇప్పుడు ఈ ఫార్మాట్‌కి మార్కులు. పదికి ఎనిమిది. రెండు ఎందుకు తగ్గించానంటే, పీల్‌ని కూడా టెంప్లేటులా వాడేవాళ్లని చూశాను. ప్రతి పేరా చివర 'దేర్‌ఫోర్, దిస్ ప్రూవ్స్ దట్' అని అదే మాట మళ్లీ అతికిస్తారు. లింక్ అంటే అది కాదు. ఇంకోటి, దీనికి ముందు ఆలోచన కావాలి, ఆలోచనకి టైం కావాలి. నేనైతే మొదటి ఎనిమిది నిమిషాలు ఎస్సే మొదలుపెట్టను. ప్రశ్నాపత్రం మీదే గీసుకుంటాను: నా పక్షం, బికాజ్, ఒక సాక్ష్యం, అవతలివాడి గట్టి మాట, దానికి నా జవాబు. చివరి ఐదు నిమిషాలు ఆల్దోలు, ఎస్‌లు, స్పెల్లింగులు వెతకడానికి. కన్‌క్లూజన్‌కి పెద్దగా చెప్పేదేమీ లేదు. కొత్త కారణం తేవద్దు, రెండు వాక్యాల్లో ముగించండి.

మూడో సాయంత్రం ఏమైందో చెప్పి వెళ్తాను. ఐదో నిమిషం. అవతలివాళ్ల గట్టి మాట ఏంటో రాసుకుంటోంది. రాసి, పెన్ను కింద పెట్టేసింది.

"మావయ్యా, మా క్లాసులో నాతో పాటు ఒడియా పిల్లలు, సవర పిల్లలు కూడా ఉండేవారు. ముగ్గురికీ టీచరమ్మ ఒక్కరే. ఎవరి మాతృభాషలో చెప్తారు?"

"ఏం, జవాబు లేదా?"

"పూర్తిగా లేదు. నేనేమో ముందే 'కంప్లీట్లీ అగ్రీ' అని రాసేసుకున్నాను. పక్షం మార్చుకోనా?"

ప్రశ్నలో ఆ 'ఎంతవరకు' ఉంది చూశావా అన్నాను. మళ్లీ చదివింది. కంప్లీట్లీ కొట్టేసి లార్జ్‌లీ అని రాసింది. బికాజ్ తర్వాత మచ్చ కథ అలాగే ఉంచింది. దాని కింద ఇంకో గీత గీసింది. ఒక భాషవాళ్లే ఎక్కువమంది ఉన్న బడిలో ఆ భాషలోనే పాఠం, మూడు భాషలవాళ్లు కలిసిన బడిలో మొదటి రెండేళ్లు పిల్లల భాష తెలిసిన ఒక సహాయకురాలు. టైమర్ చూసింది. ఇంకా ముప్పై రెండు నిమిషాలున్నాయి. "ఇప్పుడు మాట్లాడించకు మావయ్యా" అని అటు తిరిగి కూర్చుంది.