జ్వరం తగ్గాక మిగిలిన మాత్రలు

హోస్ట్: నమస్కారం. ఈ రోజు ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్నాం. నా పక్కనున్న అప్ప గజపతి జిల్లా కొండ ఊళ్లలో నర్సుగా చేసి రిటైరయ్యారు. అప్పా, జబ్బు గురించి జనానికి తెలిస్తే ఆసుపత్రి మీద బరువు తగ్గుతుందంటారు కదా. ఎలా?

నర్సు: మలేరియాతోనే చెబుతాను తమ్ముడూ. వైవాక్స్ రకం వస్తే క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. రెండు మూడు రోజులకే జ్వరం దిగిపోతుంది. మనిషి పొలానికి వెళ్లిపోతాడు, మిగిలిన మాత్రలు చూరులోకి వెళ్తాయి. నెలకో రెండు నెలలకో మళ్లీ చలి, వణుకు.

హోస్ట్: మళ్లీ దోమ కుట్టిందనుకుంటాం.

నర్సు: కుట్టకపోయినా వస్తుంది. ఆ క్రిమి కాలేయంలో నిద్రపోతూ ఉంటుంది. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నదాన్నే చంపుతుంది, దాక్కున్నదానికి ప్రైమాక్విన్ కావాలి. "పైన కోస్తే తుంగ పోతుందా? గడ్డ తవ్వాలి కదా" అనేదాన్ని. రైతుకి ఇంకో మాట అక్కర్లేదు. కానీ గర్భిణులకీ పసిబిడ్డలకీ ఆ మాత్ర ఇవ్వరు, కొందరి రక్తానికి పడదు. పక్కింటివాళ్ల దగ్గర మిగిలినవి వేసుకోకూడదు. మూత్రం నల్లగా వస్తే ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

హోస్ట్: మొదటి నుంచీ ఇలాగే చెప్పేవారా?

నర్సు: లేదు. అదే నా బాధ. కొత్తలో ఒడియాలో గడగడా చెప్పేసి "అర్థమైందా?" అనేదాన్ని. అందరూ తలూపేవారు. అలా తలూపిన ఒక మామ ఒక్క ఏడాదిలో మూడుసార్లు జ్వరంతో వచ్చాడు. మూడోసారి ఆయన భార్య మాత్రల పట్టీలు కొంగున కట్టి తెచ్చింది, సగానికి సగం అలాగే ఉన్నాయి. "జ్వరం లేనప్పుడు మందెందుకమ్మా, దాచాం" అంది. తప్పు ఆమెది కాదు. ఎన్ని రోజులో చెప్పాను, ఎందుకో చెప్పలేదు. వాళ్లింట్లో తెలుగు, నా నోట ఒడియా, పట్టీ మీద ఇంగ్లీషు.

హోస్ట్: గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని పోరాడారు, ఇక్కడి కొండల్లో గిరిజనులు మాట్లాడే సవర భాష కూడా నేర్చుకున్నారు.

నర్సు: మందూ అంతే కదా! ఆ తర్వాత "అర్థమైందా" మానేశాను. "ఇంటికెళ్లి మీ ఆవిడకి ఏం చెబుతారో నాకు చెప్పండి" అనేదాన్ని. తప్పితే మళ్లీ చెప్పేదాన్ని. సవర గూడేల్లో ఆశా దీదీ చేత వాళ్ల భాషలో చెప్పించేదాన్ని. గోడ మీద బొగ్గుతో 14 గీతలు గీసుకుని, మాత్ర వేసుకున్నాక రోజుకొకటి కొట్టేయాలి. పిల్లలు ఆ గీత కొట్టడం కోసమే నాన్నకి గుర్తుచేసేవారు.

హోస్ట్: బయట లైన్ ఉంటుంది కదా, అంత టైమ్ దొరుకుతుందా?

నర్సు: ఆ మామ మూడుసార్లు వచ్చాడంటే మూడు పరీక్షలు, మూడు కోర్సుల మందు, ఆయనకి పోయిన కూలి. ఒక్క డాక్టరే ఉన్నచోట అది పాముకాటుకో కాన్పుకో దక్కాల్సిన సమయం. పైగా ఆయన్ని కుట్టిన దోమ జబ్బుని పక్కింటికి మోస్తుంది. రెండు నిమిషాలు నాకు ఎక్కువనిపించలేదు.

హోస్ట్: పిల్లల విరేచనాలకీ ఇదే లెక్కా?

నర్సు: ఓఆర్‌ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ కూడా 14 రోజులే. విరేచనాలు కట్టగానే తల్లి ఆపేస్తుంది. పూర్తిగా వేస్తే తర్వాతి రెండు మూడు నెలలు మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసు నీళ్లలో పోస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకి కీడు.

హోస్ట్: మా ఇంట్లో ఒక బిస్కెట్ డబ్బా నిండా సగం పట్టీలే ఉన్నాయి, అప్పా.

నర్సు: రేపు పట్రా. ఒక్కొక్కటీ చూద్దాం, మీ అమ్మని కూడా తీసుకురా.