ఫ్లెక్సీకి డబ్బులున్నాయి, ఉతుకుడికి లేవు

(చేనేత దినోత్సవం రోజు ఒక కాలేజీలో ఫ్యాషన్ డిజైన్ పిల్లల ముందు ఒక కలంకారీ టీచర్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని టైప్ చేసినవి.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ఎదురుగా కూర్చున్న పిల్లలకి, ఫ్యాను కింద సీటు దొరక్క గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళకి కూడా. పెద్దల పేర్లు వరసగా చదవమని నాకో చీటీ ఇచ్చారు, చాంతాడంత ఉంది, చదివితే నా టైమంతా అందులోనే పోయేలా ఉంది, కాబట్టి ఏమీ అనుకోకండి, చీటీ మడిచి బ్యాగులో పెట్టేస్తున్నా.

చేనేత, దాని భవిష్యత్తు అని టాపిక్ ఇచ్చారు. భవిష్యత్తు నాకే తెలిస్తే ఈ వయసులో బకెట్లు మోసుకుంటూ బస్సుల్లో ఎందుకు తిరుగుతానండీ. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని, అందుకే 2015 నుంచి ఈ రోజున చేనేత దినోత్సవం జరుపుతున్నారని ఇందాక ఆ అమ్మాయి చక్కగా చెప్పింది. చెప్పనిది ఇంకోటుంది. 2020లో సరిగ్గా ఈ రోజుకి కాస్త ముందు అఖిల భారత చేనేత బోర్డుని రద్దు చేశారు, వెంటనే హస్తకళల బోర్డుని కూడా. ఆ హస్తకళల బోర్డు 1952 నాటిది, కమలాదేవి చట్టోపాధ్యాయ గారు నడిపిన బోర్డు. ఆవిడ లేకపోతే నేనీ మైకు ముందు లేను. శ్రీకాళహస్తిలో పెన్ను కలంకారీ, అంటే బట్ట మీద కలంతో బొమ్మలు వేసే పని, ఇక అయిపోయిందనుకున్న రోజుల్లో, 1950ల్లో, అక్కడ శిక్షణ కేంద్రం పెట్టించి జొన్నలగడ్డ లక్ష్మయ్య గారిని గురువుగా కూర్చోబెట్టారు. అక్కడ నేర్చుకున్నవాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళ దగ్గర నేను నేర్చుకున్నా. సరే, బోర్డు సంగతి ఎత్తితే నాకు బీపీ పెరుగుద్ది, వదిలేద్దాం.

పరిచయంలో నన్ను ప్రఖ్యాత టెక్స్‌టైల్ ఆర్టిస్ట్ అన్నారు. మా వీధిలో అయితే బకెట్ల మేడమ్ అంటారు. ఊళ్ళు తిరగడం, నేర్చుకోవడం, ఇలా పిలిచిన చోటికి వచ్చి నేర్పడం, ఇదే నా బతుకు. పొందూరు వెళ్ళి వాలుగ చేప దవడతో పత్తి దువ్వే ఆడవాళ్ళ పక్కన కూర్చున్నా. ఆ దవడకి సన్నగా పళ్ళుంటాయి, గింజ మీద పింజని దాంతో దువ్వుతుంటే నలకంతా పోయి పత్తి మెత్తబడుద్ది, ఆ తర్వాతే వడకడం. పుట్టపాకలో తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్టకి వాడే నూలుని నూనెలోనూ ఆముదం కాయల బూడిద నీళ్ళలోనూ నానేసి రోజుల తరబడి పిసకడం చూశా, ఆ చేతులకి వాసన ఎప్పటికీ పోదు. ఆసు సంగతి మీకు తెలిసే ఉంటుంది, నేతకి ముందు నూలుని మేకుల చుట్టూ చేత్తో తిప్పి పోసే పని. ఒక్క చీరకి చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ పోవాలి, వాళ్ళమ్మ భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానో మీకూ అర్థమవుతూ ఉంటుంది. నేసేవాళ్ళ ఫోటో క్యాలెండర్ మీద వస్తది. పత్తి దువ్విన ఆవిడ ఫోటో రాదు, ఆసు పోసిన ఆవిడ ఫోటో రాదు. నేతకి ముందు పని, రంగు తర్వాత పని ఎవరి లెక్కలోకీ రావు, ఆ పనుల దగ్గర కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్ళే.

ఇక నా పనికొస్తా. మీలో కొంతమంది కలంకారీ ప్రింట్ డ్రెస్సులు వేసుకొచ్చారు, చూస్తున్నా. బాగున్నాయి, కానీ అందులో చాలావరకు స్క్రీన్ ప్రింటు, నేను ఎవరినీ ఏమీ అనట్లేదు, కంగారు పడకండి. అసలు పద్ధతిలో బట్టని ముందు పేడ నీళ్ళలో నానబెట్టి ఉతుకుతాం. తర్వాత కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి అందులో ముంచి పిండి ఎండేస్తాం. గేదె పాలే ఎందుకంటే వెన్న ఎక్కువ, ఆ వెన్న బట్టలో పట్టి గీసిన గీత పక్కకి పాకకుండా ఆపుద్ది. చింత బొగ్గుతో బొమ్మ వేసుకుంటాం. వెదురు పుల్ల చివర ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగిస్తే అదే పెన్ను, గుడ్డని వేళ్ళతో నొక్కుతూ ఉంటే రంగు దిగుద్ది. నలుపుకి కసిం. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు, ఆ తర్వాత మంజిష్ఠ, చిరివేరు లాంటి రంగు వేళ్ళ నీళ్ళలో ఉడకబెట్టడం. పసుపుకి కరక్కపువ్వు, నీలానికి నీలిమందు. మొత్తం ఎన్ని దశలంటే ఒకరు 17 అంటారు, ఇంకొకరు 23 అంటారు, లెక్కపెట్టే మనిషిని బట్టి.

కసిం అన్నాక ఆ చెక్‌పోస్టు సంగతి చెప్పకుండా ఉండలేను. మా వాళ్ళకి ఇది వినీ వినీ విసుగొచ్చింది, మీరు కొత్తవాళ్ళు కాబట్టి వినాల్సిందే.

కసిం అంటే పాత ఇనప ముక్కలు, తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీళ్ళు, అంతే. కుండలో వేసి రెండు మూడు వారాలు పులియనిస్తాం. బెల్లం పులిసి అందులో పుట్టిన ఆమ్లం ఇనుముని కరిగిస్తది. నేనొక వర్క్‌షాపుకి వెళ్తూ ఐదు లీటర్ల క్యానులో అది పోసుకుని ఆర్టీసీ బస్సెక్కా. ఎండాకాలం. క్యాను మూత కాస్త వదులు. బస్సంతా వాసన, కండక్టరు నన్ను అదోలా చూస్తున్నాడు, నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నా. చెక్‌పోస్టు దగ్గర బస్సాపి ఎక్సైజ్ వాళ్ళెక్కారు. ఆయన ఎవరినీ అడగలేదు, వాసన పట్టుకుని తిన్నగా నా సీటు దగ్గరికే వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"కసిం అండి."

"అంటే?"

"బెల్లం నీళ్ళండి, ఇనప ముక్కలేసి పులియబెట్టాం."

ఇంక చూడండి. ఇనప ముక్కలు అన్న మాట ఆయన చెవికెక్కలేదు, బెల్లం, పులియబెట్టాం, ఈ రెండే ఎక్కాయి. "బెల్లపు ఊట బస్సులో తీసుకెళ్తున్నావా, దిగు" అన్నాడు. దిగా. క్యాను దింపారు. టేబుల్ మీద పెట్టి మూత తీసి వాసన చూసి ఒకాయన మొహం అదోలా పెట్టి "ఇదేం సారా సార్, మరీ ఘోరంగా ఉంది" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు, బస్సు హారన్ కొడుతున్నాడు. బ్యాగులోంచి కరక్కాయ పాలు పట్టించిన బట్ట ముక్క తీసి, పెన్ను క్యానులో ముంచి ఒక గీత గీశా. ముందు టీ మరకలా ఉంటది. చూస్తుండగానే నల్లబడుద్ది. కరక్కాయలో ఉన్న టానిన్, ఇనుము కలిస్తే నలుపు, అదంతే, సైన్సు. వాళ్ళు వంగి చూస్తున్నారు. "ఇంకోటి గియ్యమ్మా" అన్నాడు పెద్దాయన, గొంతు మారిపోయింది. వినాయకుడిని వేశా. ఇంకొకాయన జేబులోంచి రుమాలు తీసి దీని మీద కూడా అన్నాడు, దాని మీద నల్లగా రాదండీ కరక్కాయ పట్టించలేదు కదా అని చెప్తే, అయితే ముందు ఆ కరక్కాయ పట్టించు అంటాడు! ఈలోగా బస్సులో సగం మంది దిగొచ్చి చుట్టూ మూగారు. నేను పెట్టిన వర్క్‌షాపులన్నిట్లోకీ అదే బెస్టు అంటా, ఒక్కళ్ళు కూడా సర్టిఫికెట్ అడగలేదు.

ఆ గుంపులోంచి ఒక పెద్దావిడ, చేతిలో కోడి, ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఉతికితే పోదా అమ్మా?"

ఈ ప్రశ్న నన్ను డిజైన్ కాలేజీల్లో ఎవరూ అడగరు. మోటిఫ్ ఏంటి, కలర్ ప్యాలెట్ ఏంటి, కాపీరైట్ ఉందా, అన్నీ అడుగుతారు, ఇది మాత్రం అడగరు. 1611లో ఇంగ్లీషు వాళ్ళు మచిలీపట్నంలో దుకాణం తెరిచారంటే, 1686లో ఫ్రాన్సు, ఆ తర్వాత 1700లో మళ్ళీ 1721లో ఇంగ్లండు, మన అద్దకం బట్టల మీద చట్టాలు చేసి మరీ అడ్డుకున్నాయంటే, దాని వెనకున్నది ఆ పెద్దావిడ ప్రశ్నే. ఉతికినా పోని రంగు. వాళ్ళకి అది అంతుపట్టలేదు.

దానికి జవాబేంటంటే, ఉతకబట్టే పోదు. కసిం వేశాక, పటిక వేశాక బట్టకి పట్టాల్సినంత పడుద్ది, మిగతాది అలా పైన ఉండిపోద్ది. ఆ మిగతాది పోవాలి. బకెట్లో ముంచామనుకోండి, ఊడిన కసిం ఆ నీళ్ళలోనే ఉండి తెల్లగా ఉండాల్సిన చోటుకి ఎక్కేస్తది, అమ్మవారి మొహం మీద బూడిద మచ్చ, అయిపోయింది మీ నెల రోజుల పని. పారే నీళ్ళు కావాలి. బట్టని నీటి వాలుకి పరిచి పట్టుకోవాలి, ఊడింది ఊడినట్టు కొట్టుకుపోవాలి. ఎంతసేపు వదలాలి, ఎక్కడ తిప్పాలి, ఎప్పుడు బండ మీదకి తీసుకోవాలి, ఇది పుస్తకంలో లేదు. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి పక్కన ఈ పని పుట్టిందంటే, పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ అద్దే పనివాళ్ళు కాలవని నమ్ముకున్నారంటే కారణం ఇదే. స్వర్ణముఖి ఇప్పుడు ఎన్ని నెలలు ఇసకో మీరే వెళ్ళి చూడండి. బోరు నీళ్ళతో చేద్దామంటే అందులో ఇనుముంటే ఎరుపంతా మట్టి రంగుకి దిగిపోద్ది.

ఆ ఉతికే పని నాకు పూర్తిగా రాదు, చెప్తున్నా కదా. నాతో ఒకావిడ వస్తుంది, అదిగో వెనక వరసలో తలుపు పక్కన కూర్చుంది. అందరూ వెనక్కి తిరక్కండి, ఆవిడ లేచి వెళ్ళిపోద్ది. స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పుతారేమో, వద్దని ముందే చెప్పమంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో పొద్దున్నించి నిలబడి, ఒక్కో బట్టని పది పన్నెండుసార్లు ఉతుకుద్ది, దశ దశకీ. నా బొమ్మ నిలిచిందంటే సగం ఆవిడ చెయ్యే.

1734లో బోలియూ అనే ఫ్రెంచి ఆయన పుదుచ్చేరిలో ఈ పనంతా పక్కన కూర్చుని చూసి రాసుకున్నాడు. తెలివైనవాడు, ఒక్కో దశ అయ్యాక బట్టలోంచి చిన్న ముక్క కత్తిరించి పుస్తకంలో పెట్టుకున్నాడు. ఆ పుస్తకం పారిస్‌లో భద్రంగా ఉంది. నేను మీ అందరితో చేయించేది కూడా అదే, దశ దశకీ ముక్క కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించండి, ఇంతకన్నా మంచి నోట్సు లేదు. అయితే బోలియూ పేరు మిగిలింది, ఆ బట్ట వేసినవాళ్ళ పేర్లు, ఉతికినవాళ్ళ పేర్లు మనదాకా రాలేదు. పేర్ల సంగతి అలా ఉంచండి. డబ్బుల సంగతి మాట్లాడదాం.

ఇప్పుడు వర్క్‌షాపు అంటే ఏమైందండీ? ఫోను చేస్తారు, "మేడమ్, గంటలో అయిపోయేలా చూడండి, పిల్లలు ఏదో ఒకటి ఇంటికి తీసుకెళ్ళాలి". గంటలో కరక్కాయ పాలు కూడా ఆరవు. అందుకని నేను అన్నీ ముందే చేసిన బట్ట తేవాలి, మీరు నాలుగు గీతలు గియ్యాలి, ఫోటో దిగాలి. మీరు ఆ ముక్క ఇంటికి తీసుకెళ్ళి ఉతక్కూడదు. అది కలంకారీ నేర్పడమా? వంటింట్లోకి రానివ్వకుండా విస్తరి చూపించి వంట నేర్పాం అన్నట్టుంటది.

తర్వాత ఒక ఫారం ఇస్తారు. ఏ సంస్థ అని చెప్పను, అందరిదీ ఒకటే ఫారం, ఎక్కడ పుట్టిందో గానీ. అందులో రిసోర్స్ పర్సన్‌కి ఒక కాలమ్. ప్రయాణం, భోజనం, మెటీరియల్, మెమెంటో, ఫ్లెక్సీ. ఫ్లెక్సీకి ఉంది, వినండి, నా మొహం పెద్దగా వేసిన ఆ ఫ్లెక్సీకి బడ్జెట్ ఉంది. ఉతికే మనిషికి లేదు. రాస్తే కొట్టేస్తారు. ఒకచోట అకౌంట్స్ ఆయన నన్ను కూర్చోబెట్టి మర్యాదగానే అడిగాడు, "లాండ్రీ ఖర్చు వర్క్‌షాపుకి ఎలా వస్తుంది మేడమ్?" అని. నా బట్టలు నేను ఉతికించుకున్నా అనుకున్నాడు పాపం. అప్పట్నుంచి కొన్ని చోట్ల ట్రాన్స్‌పోర్ట్ అని రాయిస్తారు, కొన్ని చోట్ల మిసలేనియస్ అంటారు, ఇంకొన్ని చోట్ల నా దాంట్లోంచే ఇచ్చుకుంటా. ఆవిడకి తెలుసు. నవ్వుద్ది. నాకు నవ్వు రాదు.

ప్రిన్సిపల్ గారూ, మీరు వాచీ చూసుకుంటున్నారు, అయిపోయింది సర్, రెండు నిమిషాలు. మీ ఫారం కూడా పొద్దున చూశా. మర్యాద చేశారు, కాదనను, బొకే కూడా ఇచ్చారు. కానీ అందులో కూడా ఆ కాలమ్ లేదు. అకౌంట్స్ వాళ్ళెవరైనా ఇక్కడున్నారా? ఆ, మీరేనా సర్. కొత్త ఫారం అక్కర్లేదు, ఉన్న దాని మీదే పెన్నుతో ఒక గీత గీసి "ఉతుకుడు" అని తెలుగులోనే రాయండి. నా కాలమ్‌లోంచి తీసి అందులో వెయ్యకండి, విడిగా వెయ్యండి. పిల్లలూ, మీరు రేపు బొటిక్‌లు పెడతారు, మీ కాస్టింగ్ షీట్లో కూడా ఇదే రాయాలి, డిజైన్ ఫీజు రాసుకున్నప్పుడు దాని కిందే.

ఇంకో మాట. మధ్యాహ్నం ప్రోగ్రామ్ మారుస్తున్నా. హెడ్ మేడమ్‌కి కోపం రావచ్చు. రెండున్నరకి హ్యాండ్స్ ఆన్ సెషన్ అని బోర్డు మీద రాశారు, పెన్నులు ఇస్తారని మీరంతా ఎదురు చూస్తున్నారు. ఇవ్వాళ పెన్ను ఎవరికీ ఇవ్వను. కసిం వేసి ఎండేసిన బట్టలు తెచ్చాను, మీ కాలేజీ వెనకాలే కాలవ పారుతోంది, పొద్దున వస్తూ చూశా, నీళ్ళు బాగున్నాయి. అందరం ఉతకడమే. చెప్పేది ఆవిడ, నేను కూడా మీతో పాటు వరసలో నిలబడతా. ఉంగరాలు, గాజులు తీసేసి రండి, ప్యాంట్లు మడుచుకోండి, ఈత రానివాళ్ళు గట్టు మీదే ఉండి పిండే పని చెయ్యండి. ఇష్టం లేనివాళ్ళు ఇంటికెళ్ళిపోవచ్చు, సర్టిఫికెట్ ఎలాగూ అందరికీ ప్రింటయిపోయిందట.